ఉమ్మేసి మళ్లీ చెప్పు

ఆ వసంతంలో మా అమ్మ నన్ను ఉమ్మమంది. నేను ఉమ్మలేదు. నవ్వాను.

మా చైనా వాళ్లలో ఎవరి నోటి వెంటైనా అశుభం దొర్లితే అక్కడికక్కడే తూ అని ఉమ్మేసి, ఆ మాటనే మంచిగా తిప్పి మళ్లీ చెప్పాలి. "చూసుకుని నడువు, బండి గుద్దేస్తుంది" అని నోరు జారితే ఉమ్మేసి, "క్షేమంగా వెళ్లిరా" అనాలి. నిజంగా ఉమ్మక్కర్లేదు, శబ్దం చేస్తే చాలు. అయితే అన్న నోరే ఉమ్మాలి. పక్కవాళ్లు ఉమ్మితే చెల్లదు. అమెరికాలో ఓక్లండ్ చైనాటౌన్‌లో పుట్టి పెరిగినదాన్ని, చిన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు ఉమ్మేదాన్ని. ముప్పై దాటి, ఉద్యోగం చేసుకుంటూ, ఇంకా వంటింట్లో నిలబడి తూ తూ అనడం నాకు నామోషీ అనిపించింది.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఎవరైనా వెబ్‌సైట్ తయారుచేస్తుంటే, అది వాడబోయే మనుషుల్ని ముందుగా కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో చూసి చెప్పడం నా పని. మహమ్మారి మొదలై ఏడాది అయింది. ఆ రోగం మేమే తెచ్చామని రోడ్ల మీద మా ముసలివాళ్లను తోస్తున్నారు, తంతున్నారు, ముఖాన ఉమ్ముతున్నారు. టీవీ పెడితే అదే. పోలీసుల దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదు. ఇంగ్లీషు రాదు, వచ్చినా నోరు రాదు. అందుకని మా భాషలోనే ఫిర్యాదు చేసే వెబ్‌సైట్ ఒకటి పెట్టాలని ఒక చిన్న సంస్థ పూనుకుంది. నన్నూ, దానికి బొమ్మలు గీసే కొరియా అమ్మాయి మిన్‌జీనీ పెట్టుకున్నారు.

ఫిబ్రవరిలో వచ్చే మా కొత్త సంవత్సరం పండగ వెళ్లి రెండు వారాలు. ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో నాన్న ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఉడికించిన దిమ్మను ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాలుస్తున్నాడు. అమ్మ ఉల్లికాడలు తరుగుతోంది. మా పేటలోని అవ్వల దగ్గరికి వెళ్లేముందు నా ప్రశ్నల్ని ఇంట్లో ఒకసారి సరిచూసుకుందామని ట్యాబ్ తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"అమ్మా, ఒక్క నిమిషం. నువ్వు వెబ్‌స్టర్ వీధిలో సంచి పట్టుకుని నడుస్తున్నావనుకో. వెనక నుంచి ఒకడొచ్చి నిన్ను తోసేశాడనుకో. నువ్వు కిందపడి..."

అమ్మ కత్తిని బల్ల మీద ఠపీమని పెట్టేసింది. "ఏం నోరే అది! శుభమా అని సంవత్సరం మొదలై నెల తిరగలేదు. ఉమ్మెయ్. ఉమ్మేసి మళ్లీ చెప్పు!"

"ఊరికే అనుకోమ్మా. నువ్వు ఏ బటన్ నొక్కుతావో చూడాలి, అంతే."

"అనుకోవడానికి నీకింకేం దొరకలేదా? లాటరీ తగిలిందనుకో అనొచ్చుగా! ఎక్కడ నొక్కాలో అప్పుడు నేనే నీకు నేర్పుతాను. ఉమ్ముతావా లేదా?"

నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు. ముఖం పాలిపోయింది. చెయ్యి చెంప మీదికి వెళ్లింది. నవంబరులో పుచ్చగింజ కొరికితే పన్ను విరిగిందని చెప్పింది. అది ఇంకా సలుపుతోందేమో అనుకున్నాను.

"దాన్నెందుకే సతాయిస్తావు?" అంటూ నాన్న పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని వచ్చాడు. "ఇలా తేవే అమ్మడూ, నేను పడతాను. ముప్పై ఏళ్లు హోటల్లో నూనె నేల మీద వంట చేసినవాణ్ణి. పడడంలో నాకున్న అనుభవం మీ అమ్మకెక్కడిది?"

అన్నంత పనీ చేశాడు. స్టూలు మీద నుంచి పక్కకు ఒరిగిపోయి, "అయ్యో, నా నడుం! ఓరి దుర్మార్గుడా!" అని మూలుగుతూ ట్యాబ్‌ను మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒంటి వేలితో పొడుస్తూ పోయాడు. "ఇదేంటే, ఈమెయిల్ అడుగుతోంది? రోడ్డు మీద పడున్నవాడికి ఈమెయిల్ ఎందుకు? ముందు లేచావా లేదా అని అడగమను."

అది మంచి మాట. నేను రాసుకున్నాను. నాన్న మురిసిపోయాడు. అమ్మ మాకు వీపు పెట్టి, సింకు మీదికి వంగి, మా ఇద్దరి తరఫునా తనే మూడుసార్లు ఉమ్మింది. చెల్లదని ఆమెకు తెలుసు.

ఆ వారమే నేనూ మిన్‌జీ చైనాలోని మా ఊరి నుంచి వచ్చినవాళ్ల సంఘం హాలుకు వెళ్లాం. గుడ్డు మీగడతో చేసే ఎగ్ టార్ట్‌ల పెట్టె ఒకటి పట్టుకెళ్లాం. మాస్కులు వేసుకుని, దూరందూరంగా కుర్చీల్లో అవ్వలు కూర్చున్నారు. నేను మొదలుపెట్టడమే ఆలస్యం. "అవ్వా, మిమ్మల్ని ఎవడో తోశాడనుకోండి" అనగానే మాస్కులు కిందికి లాగి తూ, తూ, తూ అని ఉమ్మడం. హాలంతా అదే శబ్దం. ఒకావిడ కీడు తగలకుండా నా చెక్క కుర్చీని మూడుసార్లు తట్టింది. ఇంకొకావిడ, "ఎవరి పిల్లే నువ్వు? హోంగ్ కూతురివి కదూ? మీ అమ్మ నీకు మాట్లాడడం నేర్పలేదా?" అంది.

టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చున్న ఫొంగ్ అవ్వ ఒక్కతే ఏమీ అనలేదు. ఆ టోపీ కింద కన్ను చుట్టూ పసుపూ ఊదా కలిసిన పెద్ద కమురు. నేను చూడడం చూసి, "పడ్డాను" అంది.

"ఎక్కడ పడ్డారవ్వా?"

"నాకేం కాలేదు. నాకు తెలిసినావిడ ఒకావిడుంది. పాపం, ఆవిడకు జరిగింది. సరస్సు దగ్గర పొద్దున్నే కసరత్తు చేసుకుంటుంటే, ఇద్దరొచ్చి ఆవిడ కర్రే లాక్కుని ఆవిణ్ణే కొట్టారు. కర్ర విరిగేదాకా కొట్టారు." ఆ మాట అంటూ ఖాళీగా ఉన్న తన కుడిచేతిని ఒళ్లో దాచుకుంది. కర్ర లేకుండా ఫొంగ్ అవ్వను నేను అదే మొదటిసారి చూడడం.

ఆవిడ మాటల్ని నేను ఇంగ్లీషులో చెబితే విని మిన్‌జీ తల అడ్డంగా ఊపింది. "ఇది లెక్కలోకి రాదు కిట్. స్వయంగా జరిగినవే కావాలన్నారు. విన్నవి వద్దు."

"విన్నది కాదే తల్లీ. ఆవిడ కన్ను చూడు."

"చూశాను. కానీ ఆవిడ 'నాకు' అనలేదుగా."

మేమిద్దరం మెట్ల మీద నిలబడి చాలాసేపు పోట్లాడుకున్నాం. మొదటి స్క్రీన్ మీద 'ఎవరికి జరిగింది?' అని అడిగి, 'నాకు' కింద 'నాకు తెలిసినవాళ్లకు' అని ఇంకో బటన్ పెట్టాలని నేను. అలా పెడితే ఎవరి మాట నిజమో తేల్చలేమని తను. చివరికి పైవాళ్లను అడుగుతానంది.

మార్చిలో ఒక శనివారం పొద్దున నాన్నతో కూరగాయలకు వెళ్లాను. వెబ్‌స్టర్ వీధి కిటకిటలాడుతోంది. నాన్న బుట్టలన్నీ తిరగేసి, బేరమాడి, పలచ తోలు నారింజలు ఏరి సంచిలో వేసుకున్నాడు. నేను నాలుగడుగులు వెనక ఉన్నాను. మిన్‌జీ ఫోన్ చేసింది, ఇంకో బటన్‌కు పైవాళ్లు ఒప్పుకున్నారని. సంతోషంగా వింటూ నడుస్తున్నాను. వెనక ఎవరో వేగంగా వస్తున్న చప్పుడైతే పక్కకి జరిగాను. ఎర్ర జాకెట్ మనిషి ఒకడు నన్ను దాటి వెళ్లాడు. వాడికి దారిచ్చింది నేనే.

వాడు రెండు చేతులూ చాపి నాన్న వీపు మీద బలంగా తోశాడు. నాన్న చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా లేదు. ముఖం నేరుగా కాలిబాట అంచుకు కొట్టుకుంది. ఆ శబ్దం నేను రాయను. వాడు అంతటితో ఆగలేదు. నాన్నను కాలితో వెల్లకిలా తిప్పి, డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. "రోగం మోసుకొచ్చిన కుక్కా! పోరా మీ దేశానికి!" అని అరుస్తున్నాడు. నాన్న ఆ దేశం వదిలి నలభై ఏళ్లయింది.

ఎలా వెళ్లానో తెలియదు, వాడి వీపు మీద ఉన్నాను. జాకెట్ టోపీ పట్టుకుని మెడ వెనక్కి లాగుతున్నాను. వాడి మోచెయ్యి నా ముక్కు మీద పడింది. నోట్లోకి రక్తం కారింది. ముఖం మీదికి వచ్చిన కుడిచేతిని పట్టుకుని బొటనవేలి కింద కండను కొరికాను. పళ్లు దిగాయి. వాడు గావుకేక పెట్టి, నా జుట్టు పట్టుకుని, ఆగివున్న వ్యాను అద్దానికేసి నా తల బాదాడు. అద్దం పగిలింది. మళ్లీ బాదాడు. చేపల కొట్టాయన కత్తి పట్టుకుని, చేపల నెత్తురంటిన ఏప్రన్‌తోనే, "హోంగ్ అన్నా! హోంగ్ అన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. ఎర్ర జాకెట్ వాడు నన్ను వదిలేసి మూల తిరిగి పారిపోయాడు.

నాన్న ముఖంలో ఒక కన్ను కనబడడం లేదు, అంతా నెత్తురు. రెండో కన్ను నన్ను చూసింది.

"నారింజలు" అన్నాడు. "కార్ల కింద పడతాయి. ఏరు."

నేను ఏరాను. తల నుంచి నెత్తురు కారుతుంటే, అంబులెన్స్ వచ్చేదాకా, బుద్ధిలేనిదానిలా మోకాళ్ల మీద పాకుతూ కార్ల కింద నుంచి నారింజలు ఏరాను.

పోలీసులు మర్యాదగానే అడిగారు. ఎంత ఎత్తు? జుట్టు ఎలా ఉంది? ముఖం? జరిగినదాన్ని మనుషులు వరసగా ఎలా చెప్పాలో నిర్ణయించేదాన్ని నేను. నా నోటి నుంచి ఎర్ర జాకెట్ తప్ప ఇంకేమీ రాలేదు. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎంత తడుముకున్నా లేదు.

ఆసుపత్రిలో ఒక్కరినే లోపలికి రానిచ్చేవారు. అమ్మే వెళ్లేది. నేను బయట బెంచీ మీద, ముక్కుకు కట్టు కట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న తల లోపల నెత్తురు గడ్డకట్టిందన్నారు. ఒకసారి కోశారు. రెండోసారి కోశారు. ఒక సాయంత్రం అమ్మ బయటికి వచ్చి నా ముందు నిలబడింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆ రోజు ఉమ్మమన్నాను" అంది. "నువ్వు నవ్వావు. ఆయన నీ మాట తన మీద వేసుకున్నాడు."

"అమ్మా, మాటలకు మనుషులు పడతారా? వాడు తోస్తే పడ్డాడు!"

"వీధి కూడా అదే చెప్పావు. వెబ్‌స్టర్ వీధి. సంచి పట్టుకుని. వెనక నుంచి."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నేను అలాంటివి నమ్మను. ఇప్పటికీ నమ్మను. ఇంకేదో అనేలోపే అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది. నాలుగు రోజులకు నాన్న పోయాడు.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు మా ఆచారం ప్రకారం తెల్ల కవరులో ఒక మిఠాయి బిళ్ల ఇస్తాం. చేదు పోవడానికి ఇల్లు చేరేలోపే చప్పరించాలి. గుమ్మం దగ్గర నిలబడి అమ్మే పంచింది. చేపల కొట్టాయనకు ఇచ్చింది, ఫొంగ్ అవ్వకు ఇచ్చింది, మిన్‌జీకి కూడా చేతిలో పెట్టి ఎలా తినాలో చెప్పింది. నా దగ్గరికి వచ్చేసరికి కవరును బల్ల మీద పెట్టి పక్కకు తిరిగింది.

మా తమ్ముడు లున్ శాక్రమెంటోలో కార్ల మెకానిక్కు. చిన్నప్పటి నుంచి ముక్కు మీద కోపం. బడిలో నన్నెవరో ఏదో అన్నారని వాళ్ల సైకిళ్లు ముక్కలుముక్కలు చేసినవాడు. అంత్యక్రియలకు వచ్చినవాడు తిరిగి వెళ్లలేదు. ఇక్కడే తెలిసినవాళ్ల షెడ్డు నుంచి ఇనప గొట్టం ఒకటి కోసి తెచ్చుకున్నాడు. చెయ్యి జారకుండా దానికి నల్ల టేపు చుడుతూ నా గదిలో కూర్చున్నాడు.

"అక్కా, ముఖం చెప్పు."

"గుర్తులేదురా."

"వాడి వీపెక్కి కరిచావు. ముఖం గుర్తులేదా? ఎవడి చెవిలో పువ్వు పెడతావు?"

"నిజంరా. ఎర్ర జాకెట్. నీకంటే పొడుగు. అంతే."

"చాలు" అన్నాడు లున్.

అప్పటి నుంచి తెల్లారితే బయటికి. గొట్టాన్ని గొడుగు సంచిలో పెట్టుకుని వీధులన్నీ తిరిగేవాడు. అమ్మ వద్దనలేదు, పొమ్మనలేదు. వాడు వెళ్లేటప్పుడు వాడి ముఖం చూసేది, వచ్చేటప్పుడు వాడి చేతులు చూసేది. ఒక రోజు వాడి బూట్లు దాచేసింది. వాడు నాన్న బూట్లు తొడుక్కుని వెళ్లాడు.

నేను పనిలో పడ్డాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. 'నాకు తెలిసినవాళ్లకు' బటన్ పెట్టాక మళ్లీ సంఘం హాలుకు వెళ్లాం. అనుకోండి, గినుకోండి అనడం మానేశాను. "మీకు తెలిసినవాళ్లకు ఎవరికైనా జరిగిందా?" అని మాత్రం అడిగాను. ఇక చూడాలి. ఆవిడకు తెలిసినావిణ్ణి బస్టాపులో తల మీద సీసాతో కొట్టారు. ఈవిడకు తెలిసినాయన్ని లాండ్రీలో గోడకేసి నొక్కి పళ్లూడగొట్టారు. ఇంకొకావిడకు తెలిసినావిడ ముఖాన వేడి కాఫీ పోశారు. చెబుతూ చెబుతూ తమ తలలు తడుముకుంటున్నారు, తమ దవడలు పట్టుకుంటున్నారు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే మిన్‌జీ రాసుకోవడం ఆపి గట్టిగా ఏడ్చేసింది. ఫొంగ్ అవ్వ ఆ పిల్ల వీపు నిమురుతూ, "ఏడవకు, ఏడవకు. ఆవిడ బాగానే ఉందిలే" అంది.

ఆ రోజే, హాలు నుంచి బయటికి వచ్చాం. మిట్టమధ్యాహ్నం. రోడ్డుకు అవతల బస్టాపులో ఎర్ర జాకెట్ వేసుకున్న మనిషి ఒకడు బెంచీ మీద కూర్చుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని అన్నం తింటున్నాడు. చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. లున్ కార్ల మధ్య నుంచి అతని వైపు వెళ్తున్నాడు. గొడుగు సంచి కింద పడేశాడు. చేతిలో గొట్టం.

పరుగెత్తాను. ఏదో కారు కీచుమని ఆగింది. దగ్గరికి వెళ్లేసరికి చెంచా పట్టుకున్న కుడిచెయ్యి కనబడింది. బొటనవేలి కింద నా పళ్ల గుర్తులు ఉండాలి. అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది.

"వాడు కాదురా! లున్, వాడు కాదు!"

మొదటి దెబ్బ అప్పటికే అతని భుజం మీద పడింది. డబ్బా ఎగిరిపోయింది. అతను కిందపడి, అన్నం మెతుకుల్లో వెనక్కి పాకుతూ, "నేనేం చేశాను? నేనేం చేశానండీ?" అని అరుస్తున్నాడు. లున్‌కు వినబడడం లేదు. వాడి కళ్లలో ఆ మనిషి లేడు. తల మీదికి రెండో దెబ్బ ఎత్తాడు. నేను మధ్యలో దూరి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను.

ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది. లున్ గొట్టం వదిలేశాడు. అది దొర్లుకుంటూ కాలువలోకి పోయింది. "అక్కా" అన్నాడు, "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు. అంతలో బస్సొచ్చింది. ఎర్ర జాకెట్ ఆయన భుజం పట్టుకుని, డబ్బా కూడా తీసుకోకుండా, మమ్మల్ని చూస్తూనే వెనక్కి నడిచి బస్సెక్కాడు. తలుపులు మూసుకున్నాయి.

ఆయన వచ్చి మా మీద ఫిర్యాదు చేస్తాడని చాలా రోజులు ఎదురుచూశాం. చెయ్యలేదు. ఆయన ఇంటికెళ్లి ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. పడ్డానని చెప్పుంటాడు.

కట్టు కట్టించుకుని ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అమ్మ వంటింట్లో ముల్లంగి తురుముతోంది. నా చెయ్యి చూసింది. ఎవరు అని నన్నడగలేదు. లున్ వైపు తిరిగింది.

"నేనేనమ్మా" అన్నాడు లున్. "ఎవడో అనుకుని ఎవడినో... అక్క అడ్డం వచ్చింది."

అమ్మ తురుము పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, పన్ను విరిగిన వైపు చెంప నిమురుకుంది. తర్వాత, నాన్న పోయాక మొదటిసారి, నాతో మాట్లాడింది.

"ముసలమ్మలు ఇప్పుడు నీకు అన్నీ చెబుతున్నారట. ఫొంగ్ అవ్వ అంది."

"చెబుతున్నారు. నీకు జరిగిందా అని అడగడం మానేశాం. నీకు తెలిసినవాళ్లకు జరిగిందా అని అడుగుతున్నాం."

"ఓహో" అంది అమ్మ.

లున్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"నాకు తెలిసినావిడ ఒకావిడుంది" అంది అమ్మ. "నవంబరులో బస్సులో వస్తోంది. వెనక సీటువాడు ఆవిడ జుట్టు పట్టుకున్నాడు. ముందు ఇనప కడ్డీ ఉంటుంది చూడు, దానికేసి ముఖం బాదాడు. ఒక్కసారి కాదు. బస్సు నిండా జనం. అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారు. పన్ను ఊడి నోట్లోనే ఉంది. నోరంతా నెత్తురు. ఉమ్మితే బస్సు పాడవుతుంది, డ్రైవర్ దింపేస్తాడు, ఇంకా చాలా దూరం ఉంది. అందుకని ఉమ్మలేదు. మింగేసింది. పన్నుతో సహా."

"ఇంట్లో ఏం చెప్పిందమ్మా?" అన్నాడు లున్. వాడి గొంతు ఎంత చిన్నగా ఉందో.

"పుచ్చగింజ కొరికానంది. వాళ్లాయన అమాయకుడు, నమ్మాడు. కూతురు తెలివైంది, అదీ నమ్మింది." అమ్మ లున్ వైపు చూసింది. "ఆవిడకో కోపిష్టి కొడుకున్నాడు. చెబితే వాడు ఏ ఇనప గొట్టమో పట్టుకుని ఊరి మీద పడతాడు, ఎవడినో చంపుతాడు, జైలుకు పోతాడు. అందుకని నోరు కట్టేసుకుంది. ఏం లాభం? జరగాల్సిందంతా జరగనే జరిగింది."

లున్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నాన్న బూట్లలో ఉన్న పాదాల్ని దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా" అన్నాను, "నవంబరు అంటున్నావు. నేను ఆ మాట అన్నది పండగ వెళ్లాక."

"తెలుసు."

"మరి ఆసుపత్రి దగ్గర నన్నెందుకు అన్నావు? నా నోటి వల్లే నాన్న..."

"ఎవర్నో ఒకర్ని అనాలిగా!" అమ్మ గొంతు పగిలింది. "వాడు దొరకలేదే. నువ్వు దొరికావు."

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. లేచి నా మంచి చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లను లాక్కెళ్లినట్టు సింకు దగ్గరికి లాక్కెళ్లింది.

"ఇప్పుడు ఉమ్ము."

"ఇప్పుడా? ఇప్పుడెందుకమ్మా?"

"నేను చెబుతున్నానుగా. ఉమ్మి, మళ్లీ చెప్పు."

నమ్మనని చెప్పాను కదా. అయినా వంగాను. ఉత్త శబ్దం కాదు, నిజంగానే ఉమ్మాను. అమ్మ కుళాయి తిప్పి కడిగేసింది.

"చెప్పు."

"వెబ్‌స్టర్ వీధిలో నాన్న నడుస్తున్నాడు" అన్నాను. "సంచిలో నారింజలున్నాయి. వెనక నుంచి ఎర్ర జాకెట్ మనిషి ఒకడు వచ్చాడు."

"వచ్చి?"

"తొందరలో ఉన్నాడు. నేను పక్కకి జరిగాను. నాన్న కూడా జరిగాడు. అతను మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు."

"ఆ తర్వాత?"

"నాన్న ఇంటికొచ్చాడు."

అమ్మ తల ఊపింది. నన్ను భుజంతో పక్కకు నెట్టి తను సింకు మీదికి వంగింది. లున్ లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. అప్పుడు అమ్మ ఉమ్మింది. ఒకసారి కాదు. చేత్తో నోరు తుడుచుకుని, కిటికీలోంచి కిందికి, వీధిలోకి చూస్తూ నిలబడింది.

"బస్సెక్కాను" అంది. "సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాను. మన స్టాపు వచ్చింది. దిగాను."